అన్‌రియల్ ఇంజిన్ 5: సొంత ఇంజిన్‌ను వదులుకునేంత విలువైనదేనా?

అన్‌రియల్ ఇంజిన్ 5 అనేది వీడియో ఆటలను నిర్మించే సాఫ్ట్‌వేర్, అంటే గేమ్ ఇంజిన్. 2022 ఏప్రిల్‌లో విడుదలైన దీనిని, సొంత ఇంజిన్ ఉన్న స్టూడియో దీనికి మారవచ్చా అన్న ప్రశ్నతోనే పరిశీలించాలి. సైబర్‌పంక్ 2077 అనే ఆటను తన సొంత రెడ్‌ఇంజిన్‌పై నిర్మించిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థే ఆ ఏడాది దీనివైపు మొగ్గింది. ఇందులోని నానైట్ అనే వ్యవస్థ, కోట్ల త్రిభుజాలున్న (3డీ ఆకృతులను కూర్చే చిన్న ముక్కలివి) శిల్పాన్ని కూడా, దూరాన్ని బట్టి తేలికపాటి నమూనాలను విడిగా తయారు చేసే పని లేకుండానే తెరపై నిలబెడుతుంది. వెలుతురును లెక్కించే లూమెన్ ఉంటే, తలుపు తెరవగానే లోపలి గోడమీది వెలుగు అప్పటికప్పుడు మారిపోతుంది. ఈ రెండింటినీ ఒక చిన్న బృందం సొంతంగా రాసుకోవడం దాదాపు అసాధ్యమని నా అభిప్రాయం. ఇంజిన్ సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) కూడా చేతికి వస్తుంది, అది చాలా పెద్ద సౌకర్యం. సాధారణ ఒప్పందం ప్రకారం, ఆట ఆదాయం 10 లక్షల డాలర్లు దాటాక 5 శాతం రాయల్టీ చెల్లించాలి.

అయితే, దీనితో చేసిన అనేక పీసీ ఆటల్లో, ఆటగాడు మలుపు తిరిగి కొత్త గదిలో అడుగుపెట్టిన క్షణాన, అవసరమైన షేడర్ (తెరపై రంగు, వెలుగులను లెక్కించే చిన్న ప్రోగ్రామ్) అప్పుడే కంపైల్ అవుతూ, అంటే గ్రాఫిక్స్ చిప్ నడపగల రూపంలోకి మారుతూ, దృశ్యం ఒక్కసారి బిగుసుకుపోతుంది. షేడర్లను ముందే సిద్ధం చేసే ఏర్పాటు ఉన్నా, దానిపై స్టూడియో ఓపికగా పనిచేయాలి. తొలి ఆట చేస్తున్నవారికి దీనిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఏళ్ల తరబడి ఒకే తరహా ఆటకు పదునుపెట్టిన ఇంజిన్, దానిని రాసిన ప్రోగ్రామర్లు ఇంకా ఉన్న స్టూడియోకు మాత్రం చేయను.