తిరగబడే పిల్ల కథకి 1187 మేలా, 1212 మేలా?

క్రూసేడ్ల కాలంలో, అంటే జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు ముస్లింలతో యుద్ధాలు చేసిన రోజుల్లో, ఎదురుతిరిగే ఒక పిల్ల కథని నవలగా రాస్తున్నానని చెప్పినప్పటి నుంచి అందరూ అడిగేది ఒకటే: 1212 ఎందుకు పెట్టలేదు, పిల్లల క్రూసేడ్ కదా, కథ రెడీగా ఉంది కదా అని. నేను 1187 జెరూసలేం ముట్టడినే ఎంచుకున్నాను.

1212కి బలం లేదనను. జర్మనీలోని కొలోన్ నుంచి నికోలస్ అనే కుర్రాడి వెంట జనం ఆల్ప్స్ దాటి ఇటలీ రేవు జెనోవా దాకా నడిచారు, జెరూసలేంకి సముద్రం చీలి దారిస్తుందని. చీలలేదు. నడక, ఆకలి, నమ్మకం విరగడం, అన్నీ నవలకి కావలసినవే. ఆడపిల్లలూ ఆ గుంపులో ఉన్నారు కాబట్టి హీరోయిన్‌కి మగవేషం వేయించే పాత ట్రిక్ అక్కర్లేదు. కానీ ఆ పిల్ల ఎవరి మాట కాదంటోంది? ఇల్లు దాటిన రోజుతోనే తిరుగుబాటు అయిపోతుంది, ఆ తర్వాత నికోలస్ చెప్పినట్టు నడిచేవాళ్ళలో ఆమె కూడా ఒకతి, అంతే.

1187లో అలా కాదు. హత్తీన్ యుద్ధంలో జెరూసలేంని ఏలుతున్న క్రైస్తవుల సైన్యం తుడిచిపెట్టుకుపోయింది, ముస్లిం సుల్తాన్ సలాహుద్దీన్ ఊరి గోడల బయట ఉన్నాడు. లోపల తల్లులు, యేసుని సిలువ వేసిన చోటని చెప్పే కల్వరి ముందు తొట్టెల్లో చన్నీళ్ళు నింపి, కూతుళ్ళని గడ్డం దాకా అందులో ఉంచి, జుట్టు కత్తిరించి పారేశారు, దేవుడు కరుణిస్తాడేమోనని. ఇది ఫ్రెంచ్ చరిత్రకారులు రాసిందే. ఆ తొట్టెలో దిగనన్న పిల్లే నా కథ. ఆమె కాదంటున్నది శత్రువుని కాదు, అమ్మని, ఫాదర్‌ని, ఊరినంతటినీ. రేపు ఊరు పడిపోతే "నీ వల్లే" అనడానికి అందరూ సిద్ధంగా ఉంటారు, ఆమెకే అనుమానం రావచ్చు కూడా.

గోడ మీద ఆడమనిషా అని అడిగేవాళ్ళకి: ఇంగ్లండ్‌లోని బెవర్లీ ఊరి మార్గరెట్ అదే ముట్టడిలో వంటగిన్నెని శిరస్త్రాణంలా పెట్టుకుని నిలబడింది, ఆమె కథని తమ్ముడు థామస్ రాసిపెట్టాడు. అక్టోబర్ 2న ఊరు లొంగిపోయాక విడుదలకి మగవాడికి 10 దీనార్లు, ఆడమనిషికి 5. కట్టలేనివాళ్ళలో వేలమంది బానిసలయ్యారు. టెన్షన్ నేను కల్పించే పని లేదు.

1147 రెండో క్రూసేడ్ అంటే దానికి వెళ్ళిన ఫ్రాన్స్ రాణి ఎలియనోర్ కథ, మనకి పనికిరాదు. 1291లో క్రైస్తవుల చేతిలోంచి జారిపోయిన ఆక్రా కోట ఊరు బాగుంటుంది గానీ అక్కడ ముగింపు తప్ప ఏమీ మిగల్లేదు.

1187తో చిక్కల్లా ముట్టడి రెండు వారాలు కూడా సాగకపోవడం. అందుకే సగం నవల, ఇంకా క్రైస్తవుల చేతిలోనే ఉన్న టైర్ రేవు వైపు వెళ్ళే శరణార్థుల దారిలో పెట్టాను, 1212లో నచ్చిన ఆ నడకని ఇటు లాక్కొచ్చాను.