వైద్య నిర్లక్ష్యంపై కాలేజీ ప్రాజెక్ట్: పేపర్ వార్తలా, కన్స్యూమర్ కమిషన్ తీర్పులా, మెడికల్ కౌన్సిల్ ఆర్డర్లా... ఏది మేలు?

లా, జర్నలిజం, నర్సింగ్, సోషల్ వర్క్, కోర్సు ఏదైనా ప్రాజెక్ట్ టాపిక్ "వైద్య నిర్లక్ష్యం" అనుకోగానే చాలామంది మొదట చేసేది పేపర్ వార్తలు పోగేయడం. నా మాట ముందే చెప్పేస్తాను. ఒక్క సెమిస్టర్ టైమ్, ఖర్చుపెట్టడానికి పెద్దగా డబ్బు లేదు, కాలేజీ ఐడీ కార్డు తప్ప చేతిలో ఇంకేమీ లేదు అనుకునేవాళ్లకు కన్స్యూమర్ కమిషన్ తీర్పులే మేలు. అది కూడా వంద తీర్పులు పైపైన తిరగేయడం కాదు, ఒకటి రెండు కేసులు పట్టుకుని జిల్లా స్థాయి నుంచి సుప్రీంకోర్టు దాకా పూర్తిగా చదవడం.

పేపర్ వార్తలతో వచ్చే చిక్కేమిటంటే అవి మొదటి రోజు దగ్గరే ఆగిపోతాయి. "వైద్యుల నిర్లక్ష్యంతో బాలింత మృతి, బంధువుల ఆందోళన" అని జిల్లా పేజీలో వస్తుంది, తర్వాత పోస్టుమార్టంలో ఏం తేలింది, ఆసుపత్రి ఏం చెప్పుకుంది, కేసు నడిచిందా, డబ్బులిచ్చి రాజీ చేసుకున్నారా అన్నది దాదాపు ఎప్పుడూ రాదు. పేషెంట్ చనిపోయినంత మాత్రాన, ఆపరేషన్ ఫెయిలైనంత మాత్రాన చట్టం దృష్టిలో అది నిర్లక్ష్యం కాదు. అలాంటప్పుడు యాభై వార్తలు లెక్కపెట్టి "యాభై నిర్లక్ష్యం కేసులు" అని టేబుల్ గీస్తే, మీరు లెక్కపెట్టింది ఆరోపణలను మాత్రమే. ఒక డాక్టరు పేరు, ఒక కుటుంబం బాధ ఆ టేబుల్‌లో ఉంటాయి కాబట్టి ఇది మార్కులతో పోయే విషయం కూడా కాదు. ఎక్కడ, ఎప్పుడు జరిగిందో తెలుసుకుని కేసు వెతుక్కోవడానికి మాత్రం వార్త బాగా పనికొస్తుంది. అంతవరకే వాడండి.

ఇక కన్స్యూమర్ తీర్పులు. డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వచ్చే "సేవ"యేనని 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటి 1986 చట్టం పోయి 2019 చట్టం వచ్చినా కమిషన్లు ఈ కేసులు వింటూనే ఉన్నాయి. విద్యార్థికి దీనివల్ల దొరికేదేమిటంటే, ఒకే కాగితంలో రెండు వైపుల మాటా ఉంటుంది. కుటుంబం ఏమంది, ఆసుపత్రి ఏమంది, కేస్ షీట్‌లో ఏముంది, ఏ టెస్టులు చేశారు, ఏవి చేయలేదు, కమిషన్ ఎవరి మాట ఎందుకు నమ్మింది, నష్టపరిహారం ఎలా లెక్క కట్టింది అన్నీ చదువుకోవచ్చు. ఇండియన్ కానూన్ సైట్‌లో, కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో రూపాయి ఖర్చు లేకుండా దొరుకుతాయి.

హైదరాబాద్ కేసే ఒకటి తీసుకోండి, వి. కిషన్‌రావు కేసు. ఆయన మలేరియా విభాగంలోనే అధికారి. 2002 జులైలో భార్యకు చలితో జ్వరం వస్తూ పోతూ ఉంటే ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో చేర్పించారు. అక్కడ మలేరియాకు కాకుండా, టైఫాయిడ్ అనుకుని వైద్యం చేశారు. పరిస్థితి విషమించాక ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లినా ఆమె బతకలేదు. జిల్లా ఫోరం (ఇప్పటి జిల్లా కమిషన్) నిర్లక్ష్యమేనని చెప్పి 2 లక్షల పరిహారం ఇప్పించింది. రాష్ట్ర కమిషన్ దాన్ని కొట్టేసింది, కారణం నిపుణుడైన డాక్టరు అభిప్రాయం సమర్పించలేదని. జాతీయ కమిషన్ కూడా అదే అంది. చివరికి 2010లో సుప్రీంకోర్టు, ప్రతి కేసులోనూ ఎక్స్‌పర్ట్ ఒపీనియన్ తప్పనిసరి కాదని చెప్పి జిల్లా ఫోరం ఆర్డర్‌ని నిలబెట్టింది. జిల్లా ఆర్డర్ దగ్గర ఆగినవాళ్లు ఒకటి రాస్తారు, జాతీయ కమిషన్ దగ్గర ఆగినవాళ్లు దానికి పూర్తిగా ఎదురు రాస్తారు! అందుకే తీర్పు దొరకగానే పై కోర్టులో అది నిలబడిందో లేదో చూసుకోవాలి. ఈ ఒక్క కేసుతోనే "నిర్లక్ష్యాన్ని నిరూపించే భారం ఎవరి మీద పడుతోంది?" అని మంచి చాప్టర్ రాయొచ్చు. పరిహారం లెక్కల మీద రాసేవాళ్లు నిమ్స్ వర్సెస్ ప్రశాంత్ ధనంక చదవండి. 1990లో ఆపరేషన్ తర్వాత కాళ్లు చచ్చుబడిపోయిన ఒక ఇంజినీరింగ్ విద్యార్థికి సుప్రీంకోర్టు 2009లో కోటి రూపాయలు ఇప్పించిన కేసు అది.

అయితే ఈ తీర్పుల్లో పెద్ద లోటు ఒకటుంది, ప్రాజెక్ట్‌లో అది ఒప్పుకుని తీరాలి. అందరికీ పూర్తిగా ఉచితంగా చూసే సర్కారు దవాఖానా ఈ చట్టం కిందికి రాదు. అంటే పేదవాళ్లకు జరిగిన నష్టం ఈ రికార్డులో చాలావరకు కనిపించదు. అసలు ఫిర్యాదు దాకా వచ్చేవాళ్లే తక్కువ. న్యూయార్క్ ఆసుపత్రుల్లో 1984 నాటి దాదాపు 30,000 కేస్ షీట్లు హార్వర్డ్ పరిశోధకులు తిరగేస్తే, నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవాళ్లలో నూటికి ఇద్దరు కూడా దావా వేయలేదని తేలింది. వేసిన దావాల్లోనూ చాలావాటిలో ఆ పరిశోధకులకు నిర్లక్ష్యం కనిపించలేదు. కాబట్టి కమిషన్ తీర్పులు చదివి "మన రాష్ట్రంలో నిర్లక్ష్యం ఇంత శాతం" అని మాత్రం రాయకండి. కమిషన్లు ఎలా ఆలోచిస్తాయన్నదానికి అవి సాక్ష్యం, నిర్లక్ష్యం ఎంత జరుగుతోందన్నదానికి కాదు.

మెడికల్ కౌన్సిల్ సంగతి వేరు. డాక్టరు రిజిస్ట్రేషన్ ఉంచాలా, సస్పెండ్ చేయాలా అన్నది కౌన్సిల్ చేతిలో ఉంటుంది కాబట్టి "ఈ వృత్తి తనను తాను సరిదిద్దుకుంటోందా?" అన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే ప్రశ్న కూడా అదే. కానీ విద్యార్థికి ఆ కాగితాలు దొరకడం కష్టం. ఆర్టీఐ వేయొచ్చు, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. ఇవ్వం అన్నారంటే అప్పీలుకు వెళ్లాలి, ఈలోపు సెమిస్టర్ అయిపోతుంది. 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 30వ సెక్షన్ చదివితే, రాష్ట్ర కౌన్సిల్ నిర్ణయం మీద అప్పీలు హక్కు డాక్టరుకు ఉందని రాశారు, పేషెంట్ గురించి అక్కడ మాట లేదు. ఈ ఒక్క సెక్షన్ మీదే పీజీ స్థాయిలో ప్రాజెక్ట్ చేయొచ్చు, టైమ్ ఉన్నవాళ్లు చేయాలి కూడా.

క్రిమినల్ కేసులు మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పను. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు డాక్టరుకు శిక్ష వేయాలంటే తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని, ముందుగా స్వతంత్ర వైద్య నిపుణుడి అభిప్రాయం తీసుకోవాలని చెప్పింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద డాక్టరుకు గరిష్ఠ శిక్ష రెండేళ్లు. ఎఫ్ఐఆర్ చేతికొచ్చినంత మాత్రాన కేసు ఎటు పోయిందో తెలియదు.

కన్స్యూమర్ కేసు, మెడికల్ కౌన్సిల్, క్రిమినల్ కేసు ఈ మూడు దారులూ పక్కపక్కన చూడాలనుకుంటే 1998లో చనిపోయిన అనురాధా సాహా కేసుని మించింది లేదు. కోల్‌కతాలో చికిత్సలో స్టెరాయిడ్ మోతాదు మించిందన్నది ప్రధాన ఆరోపణ. పశ్చిమ బెంగాల్ మెడికల్ కౌన్సిల్ మొదట డాక్టర్ల తప్పు లేదంది. క్రిమినల్ కేసులో కింది కోర్టు శిక్ష వేసినా హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు 2009లో దాన్ని సమర్థించింది. అదే తీర్పులో పరిహారం విషయానికొచ్చేసరికి మాత్రం నిర్లక్ష్యం జరిగిందని చెప్పింది, 2013లో ఆ పరిహారం దాదాపు ఆరు కోట్లకు చేరింది. ఒకే మనిషి, ఒకే చికిత్స, ఎక్కడ అడిగారన్నదాన్ని బట్టి జవాబు మారింది.

బాధితుల ఇళ్లకు వెళ్లి ఇంటర్వ్యూలు చేద్దామనుకునేవాళ్లు ముందు కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి, కమిటీ లేకపోతే మానుకోండి. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని మన ఇంటర్నల్ మార్కుల కోసం మళ్లీ ఏడిపించే హక్కు మనకు లేదు. కేసు నడుస్తుంటే మన రికార్డింగు వాళ్లకే నష్టం చేయొచ్చు.

కామర్స్ వాళ్లు ఆడిటర్ల మీద, లా వాళ్లు లాయర్ల మీద చేస్తామంటే లెక్క మారుతుంది. లాయర్ల సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పేసింది, కాబట్టి బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కేసులే దిక్కు. ఆడిటర్లకైతే 2018లో ఏర్పడిన ఎన్ఎఫ్ఆర్ఏ (పెద్ద కంపెనీల ఆడిటర్ల పనిని చూసే జాతీయ నియంత్రణ సంస్థ) ఆర్డర్లు మేలు. ఆడిట్‌లో ఏ పని చేయకుండా సంతకం పెట్టారో వివరంగా రాస్తారు, వెబ్‌సైట్‌లోనే ఉంటాయి.