క్వైక్ పెచ్చులు కొంటున్నారా? డబ్బిచ్చే ముందు ఇది చూడండి

క్వైక్ అంటే నార్వే పల్లెల్లో ఇంటి బీరు కాచడానికి తరతరాలుగా వాడే ఈస్ట్. నార్వే వెళ్ళినవాళ్ళు తెచ్చుకునే, ఆన్‌లైన్‌లో తెప్పించుకునే క్వైక్‌లో నకిలీ సరుకు కలుస్తోంది. జిప్‌లాక్ కవరు మీద 'వోస్' (నార్వేలోని వోస్ ప్రాంతపు క్వైక్) అని రాసి, లోపల బేకరీ ఈస్ట్ పోసి అంటగడుతున్నారు. ఇంట్లో బీరు కాచుకోవడానికి చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉన్న మనవాళ్ళకే ఈ హెచ్చరిక.

మోసం ఎందుకు బయటపడదంటే, రెండూ ఒకే జాతి ఈస్ట్. 35 డిగ్రీల వేడిలో రెండూ పొంగుతాయి. "నీళ్ళలో వేసి చూడండి, నురగ వస్తుంది" అని అమ్మేవాడు ధైర్యంగా చెప్పేది అందుకే. నురగ వస్తే ఈస్ట్ బతికుందని తెలుస్తుంది, అంతే. అది ఏ ఈస్టో చెప్పదు.

ముందు కంటితో చూడండి. ఇంటి క్వైక్‌ను బేకింగ్ కాగితం మీద పల్చగా పూసి ఆరబెడతారు కాబట్టి ఎగుడుదిగుడు పెచ్చులుగా ఉంటుంది. అన్నీ ఆవగింజల్లా ఒకే సైజు గుళికలుంటే అది ఫ్యాక్టరీ సరుకు. పెచ్చు అప్పడంలా పుటుక్కున విరగాలి. వంగితే తడి మిగిలినట్టే. సరిగా ఎండని వడియాల గతే దానికీ పడుతుంది.

తర్వాత అసలు పరీక్ష. 100 మి.లీ. నీళ్ళలో 10 గ్రాముల డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన తీపి పొడి) కలిపి పది నిమిషాలు మరిగించి, 35 డిగ్రీలకు చల్లార్చి, అర గ్రాము పెచ్చులు వేయండి. ఫాయిల్ వదులుగా కప్పి మూడు రోజులు వెచ్చగా, తర్వాత రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. వోస్ అయితే మడ్డి గట్టిగా అడుగున పట్టి పైన తేటగా ఉంటుంది, నారింజ తొక్క వాసన వస్తుంది. లవంగం వాసన కొడుతూ మజ్జిగలా మసకగానే ఉంటే అది వోస్ కాదు. (బేకరీ ఈస్ట్ పనికిరానిదని కాదు. ఫిన్లాండ్ వాళ్ళు సాహ్తి అనే తమ పల్లె బీరు కాచేది దానితోనే. కానీ ఆ ధర పెట్టి కొనాల్సింది కాదు.)

అమ్మేవాణ్ణి మూడు అడగండి: క్వైక్‌లకు నంబర్లిచ్చిన జాబితాలో దీని నంబరెంత, ఎన్ని డిగ్రీల దగ్గర వేయాలి, పులుస్తున్న బీరు పైనుంచి తీసిందా అడుగునుంచి తీసిందా. అసలు సరుకున్నవాడు తడుముకోడు. వోస్‌ది 1, హోర్నిన్‌డాల్ అనే ఇంకో ఊరి క్వైక్‌ది 5. హోర్నిన్‌డాల్ అసలు మిశ్రమంలో బ్యాక్టీరియా కూడా ఉంటుంది, కాబట్టి కాస్త పులుపు తగిలితే నకిలీ అనుకోకండి.

ద్రవరూపంలో అమ్మేది మాత్రం కొనకండి. ప్రయాణంలో వెచ్చబడగానే మిగిలిన చక్కెర మళ్ళీ పులుస్తుంది, గ్యాస్ పెరిగి గాజు సీసా మూత ఎగిరిపోతుంది. తప్పనిసరైతే సోడా సీసాలాంటి ప్లాస్టిక్‌లో మూడింట రెండు వంతులే నింపి, రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. పెచ్చులకు ఈ బాధ లేదు. 20 లీటర్లకు రెండు గ్రాములు చాలు, ఫ్రీజర్‌లో ఏళ్ళ తరబడి నిలుస్తాయి. కాకపోతే కవరు మీద పేరు, తేదీ రాయండి, కస్టమ్స్‌లో అడగకముందే చెప్పండి. పేరులేని కవర్లో గోధుమరంగు పొడి కనిపిస్తే ఎవరికైనా అనుమానమే.

హైదరాబాద్‌కో విజయవాడకో తెచ్చి కాద్దామనుకుంటే ఆగండి. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం ఇక్కడ ఎక్సైజ్ నేరం.