గడువా, కబురా: డైరెక్టరీ కాషింగ్‌లో రెండు దారులు

సర్వర్‌లోని ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా పలు యంత్రాలు పంచుకునే పద్ధతి ఎన్‌ఎఫ్‌ఎస్. లినక్స్‌లో దాని క్లయింటు, అంటే ఆ ఫైళ్లను వాడుకునే యంత్రం, డైరెక్టరీ (ఫోల్డర్) వివరాలను ప్రతిసారీ సర్వర్‌ను అడగకుండా గడువు పెట్టి తన దగ్గరే దాచుకుంటుంది. కాషింగ్ అంటే ఇదే. మామూలుగా కనీసం 30 సెకన్లు, గరిష్ఠంగా 60. ఒక యంత్రంలో ఇప్పుడే సృష్టించిన ఫైలు గురించి పక్క యంత్రం ‘అలాంటి ఫైలు లేదు’ అని మొండికేసేది ఇందువల్లే. అంతకుముందు విన్న ‘లేదు’ అనే జవాబునూ అది దాచుకుంటుంది మరి! లుకప్‌కాష్ అనే సెట్టింగును ‘పాజిటివ్’గా మారిస్తే, అంటే ‘ఉంది’ అనే జవాబులనే దాచుకోమంటే, ఆ బెడద పోతుంది, సర్వర్‌కు మాత్రం ప్రశ్నలు పెరుగుతాయి.

విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి ఎస్‌ఎంబీ. విండోస్ 8, సర్వర్ 2012లతో వచ్చిన ఎస్‌ఎంబీ 3.0 దారి వేరు. సర్వర్ డైరెక్టరీపై క్లయింటుకు లీజు, అంటే వివరాలను దాచుకునే అనుమతి, ఇస్తుంది. మరొకరు అందులో మార్పు చేస్తే తానే కబురు పెడుతుంది. వినడానికి ఇదే మేలు. కానీ ఎవరి దగ్గర ఏ లీజు ఉందో సర్వర్ గుర్తుపెట్టుకోవాలి. పది యంత్రాలు ఒకే ఫోల్డర్‌లో రాస్తుంటే లీజులు తెగుతూనే ఉంటాయి. అలాంటి చోట నా ఓటు గడువు తగ్గించిన ఎన్‌ఎఫ్‌ఎస్‌కే.