నొప్పి పుస్తకం: మూడున్నరేళ్లు రాశాక

నేను సమీక్షిస్తున్నది 200 పేజీల రూళ్ల లాంగ్ నోటుబుక్కు. కొన్న రోజున 70 రూపాయలు. నడుము నొప్పి మొదలై ఆరు నెలలు దాటాక, 2022 ఫిబ్రవరిలో, నొప్పుల వైద్యం చేసే ఒక డాక్టరమ్మ మందుల చీటీ వెనుక ఐదు గళ్లు గీసి, ఇలా రోజూ రాసుకురమ్మన్నారు. తేదీ, నిద్రపోయిన గంటలు, సున్నా నుంచి పది లోపు నొప్పికి ఒక అంకె, ఆ రోజు జరిగిన సంగతి, మనసు ఉన్న తీరు: ఇవీ ఆ గళ్లు. ప్రస్తుతం మూడో పుస్తకం నడుస్తోంది.

ఆ డాక్టరమ్మ దగ్గరికి చేరేలోపు నేను ఇద్దరు వైద్యులను చూశాను. మొదటివారు ఎంఆర్‌ఐ ఫిల్మును లైటుకు ఆనించి, వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్కు ఉబ్బిందని, ఇకపై బిందె ఎత్తవద్దని, వంగవద్దని చెప్పారు. రెండోవారు అదే ఫిల్ము చూసి "ఏమీ లేదమ్మా, అంతా టెన్షన్" అని పంపేశారు. మొదటి మాటకు భయపడి నేను నడవడం కూడా తగ్గించుకున్నాను. రెండో మాట విన్న తర్వాత ఇంట్లో నడుము పట్టుకోవడానికి సిగ్గుపడ్డాను. నొప్పి లేని 3,110 మంది స్కాన్లను కలిపి చూసి 2015లో ప్రచురించిన ఒక పరిశీలనలో, డిస్కు ఉబ్బు ఇరవై ఏళ్లవారిలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 84 శాతం మందికి కనిపించిందని నాకు తర్వాత తెలిసింది. అంటే ఫిల్ములో ఉబ్బు ఉండడం నిజమే కావచ్చు, నా నొప్పికి కారణం అదే కావాలని లేదు. అలాగని కారణం ఫిల్ములో కనబడనంత మాత్రాన నొప్పి లేదని చెప్పే హక్కు కూడా ఎవరికీ రాదు.

ఐదో గడి ఎందుకని నేను కొంచెం కోపంగానే అడిగాను. నొప్పి మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం 1979లోనే నొప్పిని శరీరానికీ భావానికీ కలిపి చెందిన అనుభవంగా నిర్వచించిందని, 2020లో ఆ నిర్వచనాన్ని సవరించినప్పుడు కూడా ఆ రెండింటినీ విడదీయలేదని డాక్టరమ్మ చెప్పారు. ఇది మనకు కొత్తగా నేర్పవలసిన విషయమేమీ కాదు. మోకాళ్లకూ బాధే, మనసుకూ బాధే అనే భాష మనది. ఒక మాటతో మనసు నొప్పించగలం, కొడుకు పోయిన తల్లి దుఃఖాన్ని కడుపుకోత అంటాం.

మొదటి పుస్తకం సగానికి వచ్చేసరికి ఒక వరుస కనిపించింది. నేను బ్యాంకులో క్యాష్ కౌంటరులో పనిచేస్తాను. మార్చి ముగింపు లెక్కల రోజుల్లో, పన్నెండు గంటలు కుర్చీలో కూర్చున్నా, నొప్పి మూడు దాటలేదు. ఆ హడావిడి అంతా అయిపోయి ఇంట్లో ఊరికే ఉన్న రెండో రోజున, ఏ బరువూ ఎత్తకుండానే, ఏడుకు వెళ్లింది. నాన్నగారు 2021 మేలో కరోనాతో పోయారు, నడుము ఆగస్టులో పట్టేసింది. ఈ రెండు విషయాలనూ ఒకే వాక్యంలో రాయడానికి నాకు ఆ పుస్తకం పూర్తవ్వాల్సి వచ్చింది. అంత్యక్రియలకు వెళ్లలేకపోయిన సంగతి నాలుగో గడిలో ఎక్కడా లేదు, ఎందుకంటే అది ఆ రోజు జరిగినది కాదు. కానీ సంవత్సరీకం దగ్గరపడిన వారమంతా నిద్ర నాలుగు గంటలే, అంకె మాత్రం ఎనిమిది.

మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే నరాల దారులు కింది నుంచి వచ్చే నొప్పి సంకేతాన్ని అణచగలవు, పెంచగలవు. దిగులు, భయం, నిద్రలేమి ఆ అణిచే శక్తిని దెబ్బతీస్తాయి. అదే సమయంలో నొప్పి నిద్రను చెడగొడుతుంది, చెడిన నిద్ర మరునాడు మనసును చిరాకుపెడుతుంది. ఏది ముందు, ఏది వెనుక అని నా పుస్తకంలో వెతికాను; కొన్ని వారాల్లో ఇది ముందు, కొన్ని వారాల్లో అది ముందు.

అంకెల గడి నాకు అంతగా ఉపయోగపడలేదు. నిన్నటి ఐదుకూ ఇవాళ్టి ఐదుకూ పోలిక లేదు. అందుకని నా అంతట నేను ఆరో గడి గీసి, అందులో నొప్పి పేరు రాయడం మొదలుపెట్టాను: సలుపు, పోటు, మంట, తీపు, తిమ్మిరి, లాగుడు, పట్టేయడం. మెల్జాక్ అనే శాస్త్రవేత్త 1975లో 78 మాటలను 20 గుంపులుగా చేర్చి ఒక నొప్పి ప్రశ్నావళి తయారుచేశారట. నా ఏడు మాటలు నాకు చాలాయి. గుంతల రోడ్డు మీద స్కూటరు నడిపిన రోజున వచ్చేది పోటు. ఎవరితోనో మాటపడి, తిరిగి ఏమీ అనకుండా మింగుకున్న మరునాడు వచ్చేది లాగుడు, వెన్నంతా తీపు.

లోపం కూడా చెప్పాలి. మొదటి నాలుగు నెలలు రోజుకు మూడుసార్లు రాశాను, ఆ కాలంలో నొప్పి పెరిగింది. రోజంతా నడుమునే గమనిస్తూ కూర్చుంటే అది పలకకుండా ఎలా ఉంటుంది? డాక్టరమ్మ దాన్ని రాత్రి భోజనం తర్వాత ఒక్కసారికి, ఐదు వరుసలకు తగ్గించమన్నారు. ఇదొక్కటి ముందే చెప్పి ఉంటే బాగుండేది.

దీనితోపాటు రాత్రిపూట 10 మిల్లీగ్రాముల ఎమిట్రిప్టిలిన్ ఇచ్చారు. దిగులుకు వాడే మందు అని డబ్బా మీద చూసి మావారు "నీకెందుకిది?" అని ముఖం మాడ్చుకున్నారు. దిగులుకు వాడే మోతాదు దీనికి చాలా రెట్లు ఎక్కువని, ఇంత తక్కువ మోతాదు నొప్పికీ నిద్రకూ ఇస్తారని వివరించాక సర్దుకున్నారు. నోరు ఎండిపోయేది, పొద్దున్న తల దిమ్ముగా ఉండేది. నిద్ర రెండో వారానికే ఆరు గంటలకు చేరింది, నొప్పి మాత్రం ఆరో వారం దాకా తగ్గలేదు. పుస్తకం లేకపోతే మూడో వారంలోనే మందు పనిచేయలేదని మానేసేదాన్ని.

2023 నవంబరులో ఒక తెల్లవారుజామున కుడి నడుము పక్క నుంచి గజ్జ దాకా పోటు వచ్చింది, కదిలినా పడుకున్నా ఒకటే తీరు, వాంతి కూడా అయింది. అప్పటికి నాకు నొప్పి అనగానే "మళ్లీ ఏం టెన్షన్ పెట్టుకున్నావు?" అనడం ఇంట్లో అందరికీ అలవాటైపోయింది, ఆ అలవాటు నేర్పింది కూడా నేనే. గత పది రోజుల పేజీలు తిప్పాను. నిద్ర బాగుంది, గొడవ లేదు, స్కూటరు ప్రయాణం లేదు, ఇలా కిందికి దిగే పోటు రెండు పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఆ పేజీలు పట్టుకునే ఆసుపత్రికి వెళ్లాను. స్కానులో 6 మిల్లీమీటర్ల మూత్రనాళపు రాయి తేలింది. మనసుకూ ఒంటికీ ఉన్న సంబంధం తెలిసినవారు ప్రతి నొప్పినీ మనసు ఖాతాలో వేసే ప్రమాదం ఉందని నాకు ఆ రోజు అర్థమైంది. జ్వరం, బరువు తగ్గడం, కాలు పట్టు తప్పడం, మూత్రం మీద అదుపు పోవడం వంటివి ఉంటే పుస్తకం పక్కన పెట్టి వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

ఇప్పుడు నొప్పి చాలా రోజులు రెండు, మూడు మధ్య ఉంటోంది. పూర్తిగా పోలేదు. కొనేవారు స్పైరల్ పుస్తకం తీసుకోవద్దు, పేజీలు ఊడిపోతాయి. ఐదో గడి నిజాయితీగా రాయాలంటే దాన్ని ఎవరికీ కనబడని చోట పెట్టుకోవాలి. నాది బియ్యం డబ్బా వెనుక ఉంటుంది.