కొండెక్కడానికి ఏ ప్యాంటు మేలు: జీన్సా, ట్రాక్ ప్యాంటా, నైలానా?

ముందే చెప్పేస్తున్నా, జీన్స్ వద్దు. గట్టి బట్ట, ముళ్ళు దిగవు, ఇంట్లో ఉన్నదే కదా అని వాదించేవాళ్ళు ప్రతి గుంపులోనూ ఒకరిద్దరుంటారు. గట్టిదే, కాదనను. కానీ ఎగువ అహోబిలం నుంచి ఉగ్రస్తంభం వైపు బయల్దేరి భవనాశినిలో మోకాళ్ళ దాకా తడిశారనుకోండి, ఆ బట్ట నీళ్ళు పీల్చి బరువెక్కి మోకాళ్ళకు అతుక్కుంటుంది, అక్కణ్ణుంచి ప్రతి బండకీ కాలు ఎత్తాలంటే ప్యాంటుతో కుస్తీ పట్టాల్సిందే. తొడలు ఒరుసుకుని మంట మొదలైతే ఇక నరసింహస్వామే దిక్కు. అదీ ఎండుతుందా అంటే, సాయంత్రం దాకా తడి పోదు.

ఆరు జేబుల కాటన్ కార్గో కొంచెం నయం. వదులుగా ఉంటుంది, కాలు ఆడుతుంది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం వెళ్ళే ఎండల్లో పల్చటి కాటన్ ఒంటికి హాయిగానే ఉంటుంది కూడా, చెమట పీల్చి గాలి తగిలితే చల్లబడుతుంది కాబట్టి. వానాకాలంలో, చలిలో మాత్రం అదే గుణం శత్రువు. తడిసిన కాటన్ ఒంటి వేడిని లాగేస్తుంది.

ట్రాక్ ప్యాంటు సంగతి వేరు. అలిపిరి 3,550 మెట్లు ఎక్కడానికి అంతకంటే సుఖమైనది లేదు, దర్శనానికి పంచె ఎలాగూ సంచిలో ఉంటుంది. మెట్లు లేని అడవి దారికొస్తేనే చిక్కు. అది అల్లిన బట్ట, రేగుకంప ఒక్కసారి తగిలితే దారాలు లేస్తాయి, బండ మీద కూర్చుని జారితే వెనక పలచబడిపోతుంది. జేబుకి జిప్పు లేకపోతే ఫోను ఏ పొదలో పడిందో వెతుక్కోవాలి. లెగ్గింగ్స్‌కీ ఇదే మాట.

మిగిలింది ట్రెక్కింగ్ కోసమే కుట్టే నేత బట్ట ప్యాంట్లు, నైలానో పాలియెస్టరో. లోపలి లేబుల్ చూడండి, పాలిఅమైడ్ అని ఉంటే నైలానే. గాలిలోని తేమ నుంచి కాటన్ తన బరువులో దాదాపు 8 శాతం, నైలాన్ 4 శాతం, పాలియెస్టర్ 0.4 శాతం పట్టి ఉంచుకుంటాయి, అంటే త్వరగా ఆరడంలో పాలియెస్టర్‌దే పైచేయి, ఎండకు తట్టుకోవడంలోనూ అంతే. రాపిడికి మాత్రం నైలాన్ ముందు అది నిలవదు. నల్లమలలో రాళ్ళూ ముళ్ళూ ఎక్కువ కాబట్టి నా ఓటు నైలాన్‌కే, అందులో 5 నుంచి 10 శాతం ఎలాస్టేన్ కలిసుంటే కాలు సాగినంతా బట్టా సాగుతుంది. ఒక్క జాగ్రత్త, రాత్రి మంట దగ్గర మరీ ముందుకు జరగకండి, నిప్పురవ్వ పడితే నైలానైనా పాలియెస్టరైనా కరిగి చిల్లు పడుతుంది.

అయితే బట్ట కంటే కుట్టు ముఖ్యం అంటాను నేను. ప్యాంటు మొదట చిరిగేది మోకాలి దగ్గర కాదు, తొడల మధ్య నాలుగు కుట్లూ కలిసే చోట. అక్కడ వేరే ముక్క, అదే గస్సెట్, వేసి కుట్టారా లేదా లోపలికి తిప్పి చూడండి. అది ఉంటే బరువు ఒకే బిందువు మీద పడదు, పెద్ద అంగ వేసినా పట్టదు. ట్రయల్ రూములో అద్దం ముందు నిలబడితే ఏమీ తెలియదు, గొంతుక్కూర్చోండి, మోకాలు నడుం దాకా ఎత్తండి. నడుము కిందికి జారినా మోకాలి దగ్గర పట్టేసినా అక్కడే పెట్టి వచ్చేయండి. నడుముకి బ్యాగు బెల్టు కట్టుకుంటారు కాబట్టి అక్కడ లావు బకిల్, లావు కుట్లు ఉన్నా ఒత్తుకుంటాయి.

జిప్పు తీస్తే నిక్కరయ్యే ప్యాంటు చూడగానే ముచ్చటేస్తుంది. నాగలాపురం మడుగుల్లో దిగేవాళ్ళకి పనికొస్తుంది సరే, కానీ ఆ జిప్పు మోకాలి పైన ఒరుస్తుంది, ఇసుక దూరితే మొరాయిస్తుంది. పైగా మన అడవిలో పిక్కలు బయటపెట్టి నడిస్తే ముళ్ళ గీతలే మిగులుతాయి. దానికంటే పైకి మడిచి గుండీ పెట్టుకునే రకం మంచిది. వానల్లో కుమారపర్వతం వెళ్తున్నారా, ప్యాంటు కొసలు సాక్సులోకి దోపుకునేంత సన్నగా ఉండాలి, లేకపోతే జలగలకు తలుపు తీసినట్టే.

చలికాలంలో కేదార్‌కాంఠా లాంటి మంచు దారులకి లావు ప్యాంటు వేరే కొనక్కర్లేదు. ఈ నైలాన్‌దే లోపల థర్మల్ పట్టేంత వదులుగా తీసుకుని, పైన వాన ప్యాంటు ఒకటి పెట్టుకుంటే సరిపోతుంది. ఉతికేటప్పుడు మాత్రం కంఫర్ట్ లాంటివి పోయకండి, నీటిచుక్క జారిపోయేలా బట్టకు వేసిన పూత దెబ్బతింటుంది.