ఆపరేషన్ వికటిస్తే ఎక్కడికి పోవాలి: పోలీస్ స్టేషన్‌కా, కన్స్యూమర్ కమిషన్‌కా, మెడికల్ కౌన్సిల్‌కా?

మా అక్కది ఆదోని. 2022లో కర్నూలులో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో గర్భసంచి తీసే ఆపరేషన్ చేయించుకుంది. ఐదో రోజు నుంచి తనకు తెలియకుండానే మూత్రం కారిపోవడం మొదలైంది. అడిగితే "ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు అట్లే ఉంటుందమ్మా, తగ్గిపోతుంది" అన్నారు. ఇంకో వారం ఆగి మళ్లీ పోతే మళ్లీ అదే మాట. ఇరవై రెండో రోజు తిరుపతి తీసుకుపోతే, అక్కడ పరీక్షలు చేసి మూత్రాశయానికి రంధ్రం పడిందన్నారు. పుండు మానేదాకా ఆగి ఇంకో ఆపరేషన్ చేయాలని చెప్పారు. ఆ మూడు నెలలు అక్క పెళ్లికి పోలేదు, చావుకు పోలేదు. కనీసం పక్కింటి అరుగు మీద కూడా కూర్చోలేదు.

తిరుపతి నుంచి వచ్చిన రాత్రి ఇంట్లో అందరం కూర్చున్నాం. బావ "పొద్దున్నే స్టేషన్‌కు పోదాం, వాళ్లను లోపల వేయించాల్సిందే" అన్నాడు. మా మేనమామ "కేసులు మనకెందుకురా, పెద్దమనుషులను నలుగురిని తీసుకుపోయి ఆసుపత్రి ముందర కూర్చుంటే లక్షో రెండు లక్షలో ఇస్తారు" అన్నాడు. నేనేమో ఆ డాక్టరు లైసెన్సు పోవాలన్నాను. తెలిసిన లాయరుకు ఫోన్ చేస్తే కన్స్యూమర్ కేసు వేయమన్నాడు. అక్క మాత్రం ఏమీ అనలేదు. ఆ తర్వాత మూడేళ్లు ఈ దారులన్నీ ఒక్కొక్కటిగా తెలుసుకున్నాను. నాకు అర్థమైనంత వరకు ఏది ఎవరికి పనికొస్తుందో రాస్తున్నాను.

మామ చెప్పిన దారితో మొదలుపెడతాను, మా జిల్లాల్లో ఎక్కువమంది పట్టేది అదే కాబట్టి. శవాన్నో రోగినో గేటు ముందర పెట్టి కూర్చుంటారు, ఎవరో ఒక నాయకుడు మధ్యలోకి వస్తాడు, సాయంత్రానికి ఒక మొత్తం తేలుతుంది. చేతికి డబ్బు వెంటనే వస్తుంది, అది నిజమే. కానీ డబ్బుతో పాటు ఒక కాగితం మీద సంతకం కూడా తీసుకుంటారు. "ఇకమీదట మాకు ఎలాంటి అభ్యంతరం లేదు" అని అందులో ఉంటుంది. రేపు రెండో ఆపరేషన్‌కు మూడు లక్షలు అవసరమైతే ఆ కాగితమే మనకు అడ్డం పడుతుంది. కోపంలో ఒక అద్దం పగిలినా, ఒకరి మీద చెయ్యి పడినా ఇంకా కష్టం. మన రాష్ట్రంలో 2008 నుంచి ఆసుపత్రుల మీద, వైద్య సిబ్బంది మీద దాడులకు ప్రత్యేక చట్టం ఉంది. మూడేళ్ల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా పడవచ్చు. నష్టపోయిన కుటుంబం ఒక్క గంటలో ముద్దాయిల కుటుంబం అవుతుంది.

బావ చెప్పిన పోలీసు దారి మీద నాకు కోపం లేదు, ఆ ఆవేశం నాకూ ఉండింది. కానీ డాక్టరు తప్పు చేస్తే అది నేరం అనిపించుకోవడానికి కొలత చాలా ఎత్తులో ఉంది. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి. దర్యాప్తు చేసే పోలీసు అధికారి ముందుగా ఆ విభాగంలో పనిచేసే మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. వీలైతే ఆయన ప్రభుత్వ డాక్టరై ఉండాలి. ఫిర్యాదు వచ్చిందని వెంటనే అరెస్టు చేయకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ ప్రకారం, నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే మామూలువారికి ఐదేళ్ల దాకా శిక్ష. చికిత్స చేస్తుండగా జరిగితే రిజిస్టర్డ్ డాక్టరుకు రెండేళ్ల దాకా. అదీ నేరం రుజువైతేనే. నష్టపరిహారం సంగతి ఈ దారిలో దాదాపు లేనట్టే.

అట్లని స్టేషన్ ఎప్పుడూ దండగ అనను. మనిషి చనిపోయి, కారణం మీద అనుమానం ఉంటే ఫిర్యాదు ఇచ్చి పోస్టుమార్టం చేయించాల్సిందే. "ఇంకా కోయడమెందుకు, చాలు" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ఆ బాధ నాకు తెలుసు. కానీ అంత్యక్రియలు అయిపోయాక ఎందుకు చనిపోయారో ఏ కోర్టులోనూ గట్టిగా చెప్పలేం. మత్తుమందు ఇచ్చి డాక్టరు ఆపరేషన్ థియేటర్ వదిలి వెళ్లిపోవడం, డిగ్రీ లేనివాడు కోయడం లాంటివి జరిగినప్పుడు కూడా క్రిమినల్ కేసుకు బలం ఉంటుంది. ఊళ్లలో ఆర్‌ఎంపీలు సెలైన్లు ఎక్కించి ప్రాణం మీదికి తెచ్చే సందర్భాలు మనం చూస్తూనే ఉన్నాం. ఒక పద్ధతిలో చదివినవాడు తనకు రాని పద్ధతిలో మందులివ్వడమే నిర్లక్ష్యమని 1996లోనే సుప్రీంకోర్టు ఒక హోమియో డాక్టరు కేసులో చెప్పింది.

నేను పట్టుబట్టిన మెడికల్ కౌన్సిల్ దారి ఇది: ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ విజయవాడలో ఉంది. అక్కడికి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపితే విచారించి డాక్టరును మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపవచ్చు, రిజిస్టరు నుంచి పేరు తీసేయవచ్చు. మనకు మాత్రం ఒక్క రూపాయి రాదు. విచారించేవాళ్లూ డాక్టర్లే కాబట్టి మొదట్లో నాకు నమ్మకం కుదరలేదు. ఇప్పుడు వేరేలా అనుకుంటున్నాను. కౌన్సిల్ తప్పు జరిగిందని రాస్తే ఆ కాగితం కన్స్యూమర్ కేసులో బలమైన సాక్ష్యం. ఈ రెండూ పక్కపక్కన నడపవచ్చు, ఒకటి వేస్తే ఇంకోటి వేయకూడదని లేదు.

ఇక మేము చివరికి పట్టిన దారి, జిల్లా వినియోగదారుల కమిషన్. డబ్బు కట్టి ప్రైవేటులో చూపించుకున్నవాళ్లకు నా లెక్కలో ఇదే మేలు.

వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వచ్చే సేవేనని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. 2019 కొత్త చట్టంలో వైద్యం అనే మాట లేదని వాదన లేవదీశారు గానీ, 2022లో అదీ నిలవలేదు. జిల్లా కమిషన్‌కు పోవాలా పై కమిషన్‌కు పోవాలా అన్నది మనం అడిగే పరిహారం బట్టి కాకుండా ఆసుపత్రికి కట్టిన డబ్బు బట్టి నిర్ణయిస్తారు. యాభై లక్షల దాకా కట్టి ఉంటే జిల్లా కమిషనే. ఐదు లక్షల దాకా అయితే ఫీజు అసలు లేదు. మా అక్క బిల్లు డెబ్భై వేల లోపే కాబట్టి మేము ఫీజు కట్టలేదు. లాయరు లేకుండా సొంతంగా కూడా వాదించుకోవచ్చు. అయితే వైద్యం కేసుల్లో లాయరు ఉండడమే మంచిదని నా అనుభవం.

మన జిల్లాలవాళ్లకు చాలా పనికొచ్చే మార్పు ఇంకోటి ఉంది. అనంతపురం వాళ్లు బెంగళూరు పోతారు, కడప వాళ్లు వేలూరో తిరుపతో పోతారు, కర్నూలు వాళ్లు హైదరాబాద్ పోతారు. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదు చేసే మనిషి ఎక్కడ ఉంటే అక్కడే కేసు వేయవచ్చు. బెంగళూరులో జరిగిన ఆపరేషన్ మీద అనంతపురం కమిషన్‌లో వేయవచ్చన్నమాట. ప్రతి వాయిదాకు రైలెక్కే పని లేదు.

గడువు రెండేళ్లు. ఈ ఒక్క మాట మాత్రం మరిచిపోవద్దు. ఆసుపత్రి చుట్టూ తిరుగుతూ, "చూద్దాంలే" అనే మాట నమ్ముతూ ఉంటే రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కమిషన్ మన్నించవచ్చు గానీ, దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

అసలు కష్టం రుజువు దగ్గర వస్తుంది. మా లాయరు మొదటి రోజే ఒక మాట చెప్పాడు: "అమ్మా, గర్భసంచి ఆపరేషన్‌లో మూత్రాశయానికి దెబ్బ తగలడం మంచి డాక్టర్ల చేతిలో కూడా జరుగుతుంది. దెబ్బ తగిలిందని వాదిస్తే ఓడిపోతాం. లక్షణం కనిపించినా రెండు వారాలకు పైగా పరీక్ష చేయకుండా ఇంటికి పంపేశారు చూడు, అక్కడ పట్టుకోవాలి." ఫలితం బాగా రాకపోవడం వేరు, నిర్లక్ష్యం వేరు. ఆ పరిస్థితిలో మామూలు తెలివి ఉన్న డాక్టరు చేయాల్సింది చేశారా లేదా అన్నదే ప్రశ్న. మా వాదన అంతా దాని మీదే నిలబడింది.

స్థానిక డాక్టర్లను అభిప్రాయం రాసివ్వమని అడిగితే ఒక్కరూ ఒప్పుకోలేదు. రేపు ఒకే ఊళ్లో మొహాలు చూసుకోవాలి కదా. మమ్మల్ని ఆదుకున్నవి తిరుపతి ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జ్ సమ్మరీ, మేము మళ్లీ చూపించుకున్నప్పుడు నర్సింగ్ హోం వాళ్లు తేదీతో రాసిచ్చిన రెండు ఓపీ చీటీలు. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. మలేరియా రోగికి టైఫాయిడ్ వైద్యం చేసిన హైదరాబాద్ కేసు అది. చిక్కు విషయమైతే కమిషనే ప్రభుత్వ డాక్టర్ల అభిప్రాయం కోరవచ్చు.

కాలం సంగతి కూడా దాచను. చట్టంలో మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని ఉంది. మాది రెండేళ్లు దాటింది. కమిషన్ మా వైపు ఆర్డరు ఇస్తే ఆసుపత్రి అప్పీలుకు పోయింది, అయితే అప్పీలు వేయాలంటే ఆర్డరు మొత్తంలో సగం ముందే జమ చేయాలి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 1990లో ఆపరేషన్ తర్వాత నడుము కింద చచ్చుబడిన ఇంజినీరింగ్ విద్యార్థికి సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇచ్చింది 2009లో. పంతొమ్మిదేళ్లు పట్టింది. ఓపిక లేనివాళ్లకు ఇంకో తలుపు ఉంది, శాశ్వత లోక్ అదాలత్. ఆసుపత్రి సేవలు దాని పరిధిలోకి వస్తాయి, కోటి రూపాయల దాకా వినవచ్చు, ఫీజు లేదు. రాజీ కుదరకపోతే అదే తీర్పు ఇవ్వగలదు, దాని మీద అప్పీలు లేదు. కానీ వేరే కోర్టులో కేసు వేయకముందే అక్కడికి పోవాలి. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థలో అడిగితే వివరాలు చెబుతారు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా చాలు.

పైన చెప్పిన లెక్కంతా ప్రైవేటు ఆసుపత్రులది. కర్నూలు పెద్దాసుపత్రి, కడప రిమ్స్ లాంటి చోట్ల అందరికీ ఉచితంగా చేసిన వైద్యం మీద వినియోగదారుల కమిషన్‌కు పోలేం. అక్కడ ప్రభుత్వం మీద సివిల్ దావా వేయాలి, ముందుగా రెండు నెలల నోటీసు ఇవ్వాలి. లేదా హైకోర్టులో రిట్ వేయాలి. కడుపులో గుడ్డ మరిచిపోయిన ఒక ప్రభుత్వాసుపత్రి కేసులో 1996లో సుప్రీంకోర్టు ప్రభుత్వమే బాధ్యత వహించాలని చెప్పింది, కాబట్టి దారి లేదనుకోవద్దు. దానికంటే ముందు సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి విచారణ కోరండి, ఆ రిపోర్టు తర్వాత పనికొస్తుంది. ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటులో చేయించుకున్నవాళ్లను "మీరు డబ్బు కట్టలేదు కదా" అని తోసేయాలని చూస్తారు. డబ్బు కట్టే రోగులు కూడా ఉండే ఆసుపత్రిలో ఉచితంగా చూపించుకున్నవారూ వినియోగదారులేనని 1995 తీర్పులోనే ఉంది. ఆ తీర్పు లాయరుకు చూపించండి.

ఏ తలుపు తట్టినా మొదట అడిగేది కేస్ షీటే, అంటే ఆసుపత్రివాళ్లు మన వైద్యం వివరాలు రాసుకున్న కాగితాలు. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తన నిబంధనల్లో ఉంది. బావ మొదటిసారి నోటితో అడిగితే రేపు, ఎల్లుండి అని తిప్పించారు. రెండోసారి తెల్లకాగితం మీద రెండు ప్రతులు రాసుకుపోయాడు. అక్క పేరు, ఐపీ నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ, కేస్ షీట్ మొత్తం, ఆపరేషన్ నోట్స్, మత్తుమందు నోట్స్, సమ్మతి పత్రం, ల్యాబ్ రిపోర్టులు కావాలని అందులో రాశాడు. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద తేదీతో స్టాంపు వేయించుకున్నాడు. స్టాంపు వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపుదామని కవరు కూడా జేబులో పెట్టుకుని పోయాడు. మూడో రోజు ఫోన్ వచ్చింది, వచ్చి తీసుకుపొమ్మని.